లంక ఊళ్లో వరద నెలలకు సరుకు నిల్వ, కరెంటు లేకుండా బ్రెడ్డు బిస్కెట్లు: మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారు?

లంకకోడలు:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమలో మా అత్తగారి ఊరికి వచ్చేశాం, ఇక ఉండేది ఇక్కడే. ఊరు గోదావరి పాయల మధ్య లంకలో ఉంటుంది. మామూలు రోజుల్లో కాజ్‌వే మీద బండ్లు తిరుగుతాయి, జులై ఆగస్టుల్లో నీళ్లు పెరిగితే కాజ్‌వే మునిగిపోయి పడవ ఒక్కటే దిక్కు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇక్కడ ఎలా గడిపారో అత్తయ్యగారు చెబుతుంటే వినడానికే టెన్షన్‌గా ఉంది.

ఇంట్లో ఆరుగురం. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఒకప్పుడు అత్తయ్యగారు ఏడాది సరుకంతా తనే పెట్టేవారు, ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు, ఆవిడ చెబుతారు నేను చేయాలి. నాకేమో వారానికోసారి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించుకునే అలవాటు, ఒకేసారి బస్తాల లెక్కన కొని దాచడం ఎప్పుడూ లేదు. పొలంలో సార్వా (వానాకాలం పంట) వడ్లు మావే ఉన్నాయి, మిగతావన్నీ కొనాలి. అసలు ఏది ఎంత పెట్టాలి, ఈ చెమ్మ ఊళ్లో పురుగు, బూజు పట్టకుండా ఎలా ఉంచాలి?

రెండోది పిల్లల సంగతి. బ్రెడ్డు, బన్ను, బిస్కెట్లకి బాగా అలవాటు పడ్డారు. ఇక్కడ కిరాణా కొట్లో దొరికే బ్రెడ్డు తేదీ చూస్తే కొనబుద్ధి కాదు, మంచి బేకరీ కావాలంటే అమలాపురమో రావులపాలెమో వెళ్లాలి. హైదరాబాద్ నుంచి కరెంటు ఓవెన్ తెచ్చుకున్నాను కానీ సాయంత్రమయితే వోల్టేజీ సరిపోదు, వరద రోజుల్లో సరఫరా ఆపేస్తారట. పొయ్యి మీదో కుంపటి మీదో కాల్చేవాళ్లుంటే వివరంగా చెప్పండి. మైదా, ఈస్టు ఎన్నాళ్లు నిల్వ ఉంటాయో కూడా తెలియదు నాకు.


రాజోలు పిన్ని:

అమ్మాయ్, మాదీ లంక ఊరే, పుట్టింది మెట్టింది రెండూ గోదావరి ఒడ్డునే. నువ్వు ఎంత పెట్టాలని అడిగావు గానీ ముందు ఎక్కడ పెట్టాలో చూసుకో. 2022లో నీళ్లు మీ గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో మీ మామగారిని అడుగు, 1986 ఆగస్టులో ఎక్కడిదాకా వచ్చాయో కూడా ఆయనకి గుర్తుండే ఉంటుంది, అది అంతకంటే పెద్ద వరద. ఆ గుర్తుకి ఒక మూర పైన ఉన్న చోటే నీ సామాన్ల గది. దానికి కింద పెట్టినదేదైనా జూన్ దాటితే నీది కాదనుకో.

ఇక వడ్లు. మీ ఇంట్లో రోజుకి కిలోన్నర నుంచి రెండు కిలోల బియ్యం అవుతుంది. 75 కిలోల బస్తా వడ్లు ఆడిస్తే 45 నుంచి 50 కిలోల బియ్యం చేతికొస్తుంది కాబట్టి ఏడాదికి 12 నుంచి 15 బస్తాలు ఉంచుకుంటే చాలు. అన్నీ ఒకేసారి బియ్యం చేయించకు. బియ్యానికి ముక్కుపురుగు పట్టినంత తొందరగా వడ్లకి పట్టదు, పైన పొట్టు ఉంటుంది కదా. నెలకో రెండు నెలలకో సరిపడా మరకి తీసుకెళ్లి ఆడించుకో. కొత్త వడ్లు వెంటనే ఆడించినా అన్నం ముద్దయిపోతుంది, నాలుగైదు నెలలు ఆగితే మెతుకు విడివిడిగా వస్తుంది.

అయితే ఇన్ని బస్తాలు అటక మీద పెట్టకూడదమ్మా, అంత బరువు పాత ఇళ్ల అటకలు మోయలేవు. మా ఊళ్లో చాలామంది చేసేదేంటంటే వడ్లు గట్టు అవతల బంధువుల ఇంట్లోనో మిల్లు దగ్గరో ఉంచేసి, జూన్ నెలాఖరులోగా రెండు నెలలకు సరిపడా, అంటే ఒక వంద కిలోల బియ్యం ఆడించి మూత బిగుతుగా ఉండే డబ్బాల్లో పోసి అటకెక్కించేస్తారు. మిగతావి అక్టోబరులో తెచ్చుకుంటారు.

చింతపండు మార్చి, ఏప్రిల్‌లోనే కొనెయ్, అప్పుడు కొత్తది వస్తుంది, రంగూ బాగుంటుంది. గింజ, ఈనె తీసి ఒక రోజు ఎండలో పెట్టి కల్లుప్పు పొరలు వేస్తూ జాడీలో గట్టిగా అదిమి పెట్టాలి. రానురాను నల్లబడుతుంది, కంగారు పడకు, పులుపు ఎక్కడికీ పోదు. రేకు డబ్బాలో మాత్రం పెట్టొద్దు, తినేస్తుంది. మిరపకాయలు కూడా అదే టైంలో గుంటూరు నుంచి వస్తాయి. చేత్తో నలిపితే గలగలమని విరిగే దాకా ఎండబెట్టాలి. కాయలో మెత్తదనం ఉంటే లోపల బూజు మొదలవుతుంది, పైకి కనపడదు, తొడిమ దగ్గర విరిచి చూస్తే తెల్లగా నూగులా ఉంటుంది. అలాంటిది ఒక్కటి కూడా కారంలోకి పోనీయకు. కారం ఆడించాక కొంచెం ఉప్పు కలిపి జాడీలో పెట్టుకో. బెల్లం వానాకాలం నీరు కారుతుంది, అది ఏడాదికి కొనే వస్తువు కాదు, మూడు నెలలకోసారి తెచ్చుకో.

ఆవకాయ సంగతి మీ అత్తగారికే వదిలేస్తున్నా, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది. ముక్కల పైన వేలెడు నూనె తేలుతూ ఉండాలి, తడి గరిటె తగలకూడదు, అంతే. వానపడే రోజు పెద్ద జాడీ మూత తియ్యొద్దు. పదిరోజులకి సరిపడా చిన్న సీసాలోకి ఎండ కాసిన రోజు తీసి పెట్టుకోవాలి. వడియాలు, ఊరమిరపకాయలు, అప్పడాలు మే నెలాఖరులోగా అయిపోవాలి. తర్వాత ఈదురుగాలి, మబ్బు పట్టుకుంటే పిండి వడియం పులిసిపోతుంది.

వరద రోజులకి ఒక పెట్టె విడిగా పెట్టుకో. దాన్ని మామూలు రోజుల్లో ముట్టుకోకూడదు. మా పెట్టెలో అటుకులు, మరమరాలు, వేయించిన వేరుశనగలు, బెల్లం, సున్నుండల పిండి, పాలపొడి, ఉప్పు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పటిక, క్లోరిన్ బిళ్లలు ఉంటాయి. అటుకుల్ని తక్కువ చేసి చూడకు, పొయ్యి వెలగని రోజున నీళ్లు చల్లుకుంటే చాలు పిల్లల కడుపు నిండుతుంది. ఎండు కట్టెలు, కొబ్బరి డొక్కలు కూడా గోనెసంచుల్లో కట్టి పైన వేసుకో. తడిసిన కట్టె పొగ తప్ప మంట ఇవ్వదు. గ్యాస్ బండ కూడా నీళ్లకి తేలి కొట్టుకుపోతుంది, స్తంభానికి కట్టెయ్యండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. భద్రాచలంలో పెరగడం మొదలయిందని వినగానే మనకి ఒక రోజు అటూ ఇటుగా టైం ఉంటుంది, మేము మొదటి హెచ్చరిక కంటే ముందే పాలు, కూరగాయలు, మందులు తెచ్చేసుకుంటాం.


తాండూరు రైతు:

పిన్నిగారు చెప్పిన వడ్ల సంగతి వంద శాతం నిజం, కానీ అదే లెక్కన కందులు, పెసలు కూడా గింజగానే దాచుకుంటే బాగుంటుందని మీరు అనుకుంటారేమో, దానికోసమే రాస్తున్నా. పప్పుధాన్యాల్లో లెక్క తిరగబడుతుంది. కందులు, పెసల పురుగు పొలంలోనే కాయ మీద గుడ్డు పెట్టేస్తుంది, గింజతో పాటే ఇంటికొస్తుంది, లోపలే పెరిగి గుండ్రటి బొక్క చేసుకుని బయటికొస్తుంది. అప్పుడు చూసి ఏం లాభం. పప్పు చేయించేస్తే దానికి ఉండటానికి ఇంత చోటు దొరకదు. అందుకే మా దగ్గర పంట వచ్చిన జనవరి, ఫిబ్రవరిలోనే కందులు నానబెట్టి ఎర్రమట్టి కలిపి రాత్రంతా కుప్పగా ఉంచి, బాగా ఎండబోసి, ఇసుర్రాయితోనో మరలోనో పలగ్గొట్టి పప్పు చేసుకుంటాం. ఎర్రమట్టి పట్టిస్తే పొట్టు తేలిగ్గా ఊడుతుంది, పప్పు రుచి కూడా వేరే. మా తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఇక్కడి నేల, సున్నపురాయి గుణం అది.

మీకు ఆరుగురికి ఏడాదికి 25 కిలోల కందిపప్పు సరిపోతుంది. మినపగుండ్లు, పొట్టు తీయని పెసలు, మినుములు గింజగా ఉంచాల్సి వస్తే రెండు మూడు రోజులు గట్టి ఎండ పెట్టి, చల్లారాక కిలోకి ఒక చెంచా లోపే ఆముదం అంటీ అంటనట్టు పట్టించండి. పురుగు గుడ్డు మీద నూనె పొర పడితే అది పొదగదు. వేడి గింజ వెంటనే డబ్బాలో పోయకండి, మూతకి చెమట పట్టి పైపొర బూజొస్తుంది. ఇది చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

గాలి చొరబడని పొరల సంచులు ఇప్పుడు విత్తనాల షాపుల్లో అడిగితే దొరుకుతున్నాయి. గింజలోని పురుగే లోపల గాలిని వాడేసుకుని ఊపిరాడక చస్తుంది, మందుతో పనిలేదు. కాకపోతే రోజూ విప్పే సంచికి అది పనికిరాదు, నెలల తరబడి కదపకుండా ఉంచే దానికే. ఎలక పళ్లు పడితే మొత్తం వృథా, పైన డ్రమ్ముగానీ డబ్బాగానీ ఉండాలి. మా తాతల కాలంలో గుమ్మి ఉండేది, వెదురుతో అల్లి లోపలా బయటా మట్టి, పేడ కలిపి అలికేవారు. మీ చెమ్మ ప్రాంతానికి అది నప్పదేమో, మాది మెట్ట కాబట్టి చెల్లింది.

వేరుశనగలు కొంటే ఒక్క మాట. పసుపుపచ్చ, ఆకుపచ్చ బూజు కనపడ్డ గింజ, ముడుచుకుపోయిన గింజ, చేదు తగిలిన గింజ ఏరి పారేయండి, కోళ్లకి కూడా వెయ్యకండి. ఆ బూజు విషం వేయించినా ఉడికించినా పోదు.


లంకకోడలు:

పిన్నిగారూ, మీరు రాసింది మా అత్తయ్యగారికి చదివి వినిపించాను, 1986 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మామయ్యగారు వెంటనే చూపించారు, కిటికీ పైచట్టం దాకా. మా అటక దానికి పైనే ఉంది, అమ్మయ్య అనిపించింది. తాండూరు అన్నగారూ, కందులు కొందామనే అనుకుంటున్నా, మీరు చెప్పాక పప్పే కొంటున్నాను.

ఇంకో సందేహం. మండలంలో షాపతను బియ్యం డబ్బాలో వేసుకోమని ఏవో గ్యాస్ బిళ్లలు ఇవ్వబోయాడు, ఒకటి గుడ్డలో కట్టి వేస్తే ఏడాదంతా పురుగు రాదన్నాడు. ఊళ్లో కొందరు బోరిక్ పౌడర్ కలుపుతారట. ఇవి వాడొచ్చా?


గోదాం మనిషి:

అమ్మా, దయచేసి ఆ బిళ్లలు ఇంట్లోకి రానివ్వకండి. నేను ధాన్యం గోదాముల్లో మందు పెట్టే పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, అదే పురుగుని చంపుతుంది, మనిషినీ చంపుతుంది. దానికి విరుగుడు మందు లేదు. గోదాముల్లో మేము బస్తాల గుట్ట మీద టార్పాలిన్ కప్పి అంచుల చుట్టూ ఇసుక గొట్టాలు పరిచి, మనుషులు లేకుండా చూసి, మాస్కులు పెట్టుకుని పెట్టే మందు అది, తర్వాత రోజుల తరబడి ఆగి గాలి ఆడించాకే లోపలికి వెళ్లేవాళ్లం. మామూలు జనానికి అమ్మకూడదని నిబంధన కూడా ఉంది. పడుకునే గదిలో, వంటింట్లో, మీ ఊళ్లోలాగా గాలిలోనే నీరుండే చోట దాన్ని గుడ్డలో కట్టి డబ్బాలో వెయ్యమనడం ఎంత ప్రమాదమో ఆ షాపతనికి తెలియదనుకోవాలి. ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా ఉంటే నీళ్లు తగలనివ్వకండి, పిల్లలకి అందనివ్వకండి, వ్యవసాయ అధికారిని అడిగి అప్పగించండి.

బోరిక్ పౌడర్ ఆహారంలో కలపడానికి అనుమతి ఉన్నది కాదు. కడిగితే పోతుందని కలుపుతారు గానీ చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ రిస్కు ఎందుకు. పాదరసం బిళ్లలు కూడా కొన్నిచోట్ల అమ్ముతుంటారు, వాటి జోలికి అసలు వెళ్లకండి. ఎండ, పొడి డబ్బా, ఎండిన వేపాకు, నెలకోసారి చూసుకోవడం, ఇంతకి మించి ఇంట్లో అక్కర్లేదు. బియ్యంలో పురుగు కనపడితే నీడలో పల్చగా ఆరబోయండి, పురుగు తనంతట తనే పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో బియ్యం పోస్తే గింజ పగిలి నూక అవుతుంది. వడ్లకయినా పప్పుకయినా ఎండ మంచిదే, బియ్యానికి మాత్రం నీడే.


కుంపటి మీద కేకు:

బేకింగ్ గురించి ఎవరూ ఎత్తుకోలేదు కాబట్టి నేను రాస్తాను, కొంచెం పొడుగవుతుంది. మాది గుంటూరు జిల్లా పల్లె, క్రిస్మస్‌కి మా ఇంట్లో కేకు ఎప్పుడూ కుంపటి మీదే కాలింది, కరెంటు ఓవెన్ ముఖం మా అమ్మ చూడలేదు.

ముందు ఒక విషయం అండీ. మీరు కోనసీమలో ఉండి బేకింగ్ కొత్త విద్య అనుకోవద్దు, దిబ్బరొట్టె అంటే అదే కదా. ఇనుప మూకుడులో నూనె పోసి రెండంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. పైనా కిందా వేడి ఉంటే అది ఓవెనే. మినప్పప్పు ఒక గ్లాసు, బియ్యం రవ్వ రెండు గ్లాసులు, పిండి గట్టిగా రుబ్బాలి. మూత మీద నిప్పులు ఉంటే తిరగెయ్యాల్సిన పనే లేదు, అటూ ఇటూ ఎర్రగా వస్తుంది. మీ అత్తయ్యగారికి ఈ నిప్పుల లెక్క చేతిలో ఉంటుంది, ఎన్ని వెయ్యాలో ఎప్పుడు తియ్యాలో ఆవిడ దగ్గర కూర్చుని చూడండి, ఆ లెక్కే బ్రెడ్డుకీ కేకుకీ పనికొస్తుంది. కొబ్బరి డొక్కల నిప్పు వేడి ఎక్కువ, తొందరగా ఆరిపోతుంది కూడా. అందుకని మూత మీదకి డొక్క నిప్పులు, కింద మాత్రం కట్టె బొగ్గులు వాడితే సెగ నిలకడగా ఉంటుంది.

గ్యాస్ మీద చేయాలంటే మందపాటి పెద్ద గిన్నె తీసుకోండి. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు లేకుండా కాల్చడం నాకు ఇష్టం లేదు, అడుగు పాడవుతుంది, చాలా కంపెనీలు కూడా వద్దనే అంటాయి. పాత అల్యూమినియం డేగిసా ఉంటే దానికే కేటాయించెయ్యండి. కడిగి ఎండబెట్టిన ఏటి ఇసుక అంగుళం మందాన పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి పది పదిహేను నిమిషాలు వేడి చేశాక కేకు గిన్నె దించాలి. తర్వాత సన్న మంట మీద 40, 45 నిమిషాలు. అరగంట లోపల మూత తెరిస్తే మధ్యలో కుంగిపోతుంది. నాటుకోడి గుడ్లయితే చిన్నవి కాబట్టి ఫారం గుడ్లు మూడు అన్న చోట నాలుగు వేసుకోండి. వెన్న బదులు ఇంట్లో నెయ్యి వాడొచ్చు, కానీ వెన్నలో నీరుంటుంది నెయ్యిలో ఉండదు, రెండు మూడు చెంచాల పాలు ఎక్కువ పోయాలి.

బ్రెడ్డుకి నా కొలత: మైదా అరకిలో, ఇన్‌స్టంట్ ఈస్టు రెండు టీస్పూన్లు, చక్కెర ఒకటిన్నర టేబుల్ స్పూన్, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్, నూనె రెండు చెంచాలు, నీళ్లు 300 మిల్లీలీటర్లు చూసుకుంటూ. మీ గాలిలో చెమ్మ ఎక్కువ, పిండి కూడా కొంచెం చెమ్మ తాగి ఉంటుంది, నీళ్లు ఒక్కసారిగా పొయ్యకుండా చివరి గుక్కెడు ఆపండి. పది నిమిషాలు బాగా పిసకాలి, ఇక్కడ బద్ధకిస్తే బ్రెడ్డు పొడిపొడి అవుతుంది. చిన్న ముద్ద తీసి వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనపడేంత పల్చగా రావాలి. వేసవిలో ముప్పావు గంటలోనే రెండింతలు పొంగుతుంది, ముసురు రోజుల్లో గంటన్నర పడుతుంది. గాలి తీసి గిన్నెలో సర్ది మళ్లీ పొంగాక కాల్చాలి. గోధుమపిండితో చేయాలంటే సగం మైదా కలపండి. రాగి, జొన్న పిండికి సాగే గుణం లేదు, బ్రెడ్డు కట్టదు, వాటిని బిస్కెట్లకి ఉంచండి, అందులో చాలా బాగుంటాయి.

మైదా మాత్రం నెలకి మించి కొనొద్దు. పిండి ఏదైనా నిల్వకి పనికిరాదు. ఎర్రటి చిన్న పురుగు, గూడు కట్టే పురుగు రెండూ పిండికే వస్తాయి. కొన్న ప్యాకెట్టు విప్పకుండా డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు పెడితే గుడ్లు చస్తాయి. తీశాక గది వేడికి వచ్చే దాకా విప్పొద్దు, లేకపోతే చెమ్మ పడుతుంది. అప్పుడు పొడి డబ్బాలో పోసుకోండి. ఈస్టు విప్పని ప్యాకెట్టు దాని తేదీ దాకా ఉంటుంది, విప్పాక ఫ్రిజ్‌లో గట్టి మూత సీసాలో నాలుగైదు నెలలు. అనుమానం వస్తే గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెర, ఒక చెంచా ఈస్టు వేసి పది నిమిషాలు చూడండి, నురగ కట్టకపోతే పారెయ్యండి. బేకింగ్ పౌడర్‌కి వేడినీళ్లే పరీక్ష, బుస్సున పొంగాలి.

వరద పెట్టెకి నా సలహా రస్కులు. జూన్ చివర్లో మూడు నాలుగు బ్రెడ్లు కాల్చి, మర్నాడు వేలి మందాన ముక్కలు కోసి మళ్లీ ఇసుక గిన్నెలో సన్న సెగ మీద లోపలిదాకా కరకరలాడే వరకు ఆరనివ్వండి. మధ్యలో ఒక్క ముక్క విరిచి చూడండి, నడుమ మెత్తగా తగిలితే ఇంకా ఉంచాలి. పూర్తిగా చల్లారాక రేకు డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు ఏమీ కావు. తాజా బ్రెడ్డు మీ వానలకి మూడో రోజే బూజు పడుతుంది.


రాజోలు పిన్ని:

రస్కుల మాట బాగుంది. అమ్మాయ్, బిస్కెట్లకి ఇంకో దారి ఉంది. పెద్ద ఊళ్లలో బట్టీ ఉన్న పాత బేకరీల్లో మన పిండి, పంచదార, నెయ్యి ఇస్తే కూలి తీసుకుని కాల్చి ఇస్తారు. మేము మేనెలలో ఐదారిళ్ల వాళ్లం కలిసి రాగి పిండి, గోధుమ పిండి, ఇంటి నెయ్యి పట్టుకెళ్లి అలాగే చేయించుకొస్తాం. ఇంట్లో కుంపటి మీద పదేసి చొప్పున కాల్చుకుంటూ కూర్చునే కంటే అది సుఖం. వెళ్లేముందు ఏ రోజు బట్టీ ఖాళీగా ఉంటుందో కనుక్కో, పెళ్లిళ్ల రోజుల్లో ఒప్పుకోరు. కొబ్బరి కోరు కలిపించాలనుకుంటే కోరుని ముందు బాగా వేయించి తీసుకెళ్లు, పచ్చి కోరు వేస్తే వారానికే కనరు వాసన వస్తుంది.


లంకకోడలు:

అత్తయ్యగారు దిబ్బరొట్టె మాట వినగానే లేచి కూర్చున్నారు, రేపే మూకుడు దింపుదామన్నారు. నిప్పుల లెక్క ఆవిడ దగ్గరే నేర్చుకుంటాను. బట్టీ గురించి అమలాపురంలో కనుక్కోమని మా వారికి చెప్పాను. గ్యాస్ బిళ్లలు వద్దని షాపతనికి గట్టిగా చెప్పి వచ్చాను, పక్క రెండిళ్ల వాళ్లకి కూడా చెప్పాను, ఒకరింట్లో నిజంగానే డబ్బాలో వేసి ఉంచారు. వాళ్ల పాప దగ్గరలోనే ఆడుకుంటూ ఉంటుంది, నాకు కాళ్లు వణికాయి. గోదాం అన్నగారూ, మీరు అంత వివరంగా చెప్పకపోతే నేనూ తెచ్చుకునేదాన్నేమో. పెద్ద మేలు చేశారు.

కుంపటి అక్కా, చివరగా ఒకటి. వరదకి ఫ్రిజ్ పనిచెయ్యదు, ఈస్టు వేడికి పాడయితే ఇక బ్రెడ్డు సంగతి మర్చిపోవాల్సిందేనా? ఇక్కడ తాటికల్లు దొరుకుతుంది, కల్లుతో పిండి పులుస్తుందని ఎవరో అన్నారు.


కుంపటి మీద కేకు:

పులుస్తుందండీ. కేరళలో అప్పాల పిండికి కల్లు పోస్తారు, గోవాలో పావు బ్రెడ్డు కూడా పాతకాలంలో కల్లుతోనే పొంగించేవారు. కల్లులో సహజంగానే ఈస్టు ఉంటుంది. పొద్దున్నే దించిన కల్లు తెప్పించుకుని పల్చటి గుడ్డలో వడగట్టి, పిండికి పోసే నీళ్లలో సగం మేర అది పొయ్యండి. మధ్యాహ్నం దాటిన కల్లయితే పులుపెక్కి బ్రెడ్డు పుల్లగా వస్తుంది. పొంగడానికి ఈస్టు కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది, రాత్రి కలిపి మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి తయారవుతుంది. కల్లుకి కాలం ఉంటుంది, వరద నెలల్లో దొరకకపోవచ్చు. అందుకని వేసవిలో చేసిన కల్లు పిండిలోంచి గుప్పెడు ముద్ద తీసి ఉంచుకుని, రెండు మూడు రోజులకోసారి దానికి కాస్త పిండి, నీళ్లు కలుపుతూ ఉంటే ఫ్రిజ్ లేకుండానే బతికి ఉంటుంది. మట్టి పిడతలో గుడ్డ కట్టి నీడలో పెట్టండి. పైన గులాబీ రంగో నల్లటి మచ్చలో కనపడితే మొత్తం పారేసి మళ్లీ మొదలుపెట్టాలి, గీకి వాడొద్దు. పుల్లటి వాసన వస్తే మంచిదే. ఏప్రిల్, మేలోనే ఒకటికి రెండుసార్లు చేసి చూసుకోండి, జులైలో అయితే కల్లూ దొరకదు, ఎండా ఉండదు.